చందా, శ్రమదానం, జాతర: గోదావరిఖని బస్తీల సామూహిక జీవితం

పట్టణాల్లో ఇరుగుపొరుగువారు కలిసి చేసుకునే పనుల చరిత్రను సాధారణంగా వీధి నుంచో, గుడి నుంచో, గ్రంథాలయం నుంచో మొదలుపెడతారు. గోదావరిఖని విషయంలో మాత్రం దాన్ని బాయి దగ్గర మొదలుపెట్టవలసి ఉంటుంది. సింగరేణి ప్రాంతంలో బొగ్గు గనిని ‘బాయి’ అంటారు. తెలంగాణ పల్లెల్లో నీళ్ల బావికి వాడే మాటే ఇది. పల్లె వదిలి బొగ్గు పనికి వచ్చినవారు తమ వెంట తెచ్చుకున్న ఆ పదంతోనే కొత్త పనిస్థలాన్ని పిలుచుకున్నారు. పల్లెలో కులమూ, వాడా నిర్వహించిన పాత్రలో కొంత భాగాన్ని ఇక్కడ ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో పనిచేయడం వల్ల ఏర్పడిన పరిచయం నిర్వహించింది. ఈ పట్టణంలో జాతర కమిటీలు, శ్రమదానాలు, సహాయ నిధులు, నేత్రదాన శిబిరాల వంటివన్నీ ఏదో ఒక దశలో ఆ పరిచయం మీద ఆధారపడి పెరిగినవే.

1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గును గుర్తించగా, ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. ఆ తేదీనే ఇప్పటికీ ‘సింగరేణి డే’గా జరుపుతున్నారు. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలు కొని కంపెనీని తన అధీనంలోకి తెచ్చుకుంది. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి తర్వాతే గోదావరి దక్షిణపు ఒడ్డున రామగుండం గనుల వంతు వచ్చింది. 1960ల మొదట్లో ఇక్కడ బొగ్గు వెలికితీత ఆరంభమైంది. ‘గోదావరి’, ‘ఖని’ అనే రెండు మాటలు కలిసిన పేరుతో ఊరొకటి వెలిసి, మూడు నాలుగు దశాబ్దాల్లోనే పాత రామగుండం గ్రామాన్ని మించిపోయింది. 2011 జనాభా లెక్కల నాటికి గోదావరిఖని కూడా కలిసిన రామగుండం నగర జనాభా 2.3 లక్షలకు చేరువైంది.

ఈ ఊరికి రెండు రూపాలున్నాయి. కంపెనీ కట్టించిన క్వార్టర్లు ఒక రూపం; క్వార్టరు దొరకనివారు కంపెనీ స్థలాల్లో, పట్టా లేని నేలలో వేసుకున్న గుడిసెలు రెండవ రూపం. క్వార్టర్లకు నీళ్లు, కరెంటు, మోరీల బాధ్యత కంపెనీది. గుడిసెల బస్తీలో దారి చదును చేయడం, మోరీ తీయడం, కరెంటు స్తంభం కోసం అర్జీ పెట్టడం నివాసుల బాధ్యత. అందుకే బస్తీ శ్రమదానాన్ని పౌరస్పృహకు సంబంధించిన ఆదర్శంగా మాత్రమే చూస్తే సరిపోదు. అది ప్రధానంగా అవసరం. శ్రమదానంలాగే ‘దానం’ అన్న మాట మీద నిలిచిన వినోబా భావే భూదానోద్యమం 1951లో ఈ తెలంగాణలోనే, పోచంపల్లిలో మొదలైంది. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకం ‘శ్రమదానం’ అన్న మాటను సర్కారీ పదజాలంలోకి తెచ్చింది. గనుల బస్తీలో మాత్రం ఆ మాట వినిపించినా వినిపించకపోయినా ఆ పని జరగక తప్పలేదు. ఈ నేలకు ఇంటిపట్టాలిచ్చే ప్రయత్నం తెలంగాణ ఏర్పడ్డాక జీవో 76తో గానీ ఊపందుకోలేదంటే, ఎన్ని దశాబ్దాలు ఈ బస్తీలు తమ వీధులను తామే చూసుకోవలసి వచ్చిందో ఊహించవచ్చు.

చిరునామాలు కూడా బాయిల నుంచే పుట్టాయి. ఏటవాలు దారిలో భూమిలోకి దిగే గనిని ఇంక్లైన్ అంటారు. వాటికి పేర్లకు బదులు అంకెలుండేవి. ఎయిటింక్లైన్ కాలనీ అన్నది ఇప్పటికీ ఒక నివాస ప్రాంతం పేరు. సెంటినరీ కాలనీ కంపెనీ నూరేళ్ల పండుగకు గుర్తు. మార్కండేయ కాలనీ, తిలక్‌నగర్, లక్ష్మీనగర్, గాంధీనగర్ వంటి పేర్లు కులదైవం, జాతీయోద్యమం, వ్యాపారం అనే వేర్వేరు దారుల్లో వచ్చాయి. అంకెల పేర్లూ మనుషుల పేర్లూ ఒకే పటంలో ఇలా కలిసి ఉండటమే ఊరు ఎవరెవరి చేతుల్లో పెరిగిందో చెబుతుంది.

సామూహిక కార్యక్రమానికి మొదట కావలసింది డబ్బు. దానికి ఈ ప్రాంతంలో స్థిరపడిన మార్గం చందా. చందా జీతం రోజుతో ముడిపడి ఉండేది. హాజరు నమోదును మస్టరు అంటారు. నెలలో ఎన్ని మస్టర్లు పడితే జీతం అంత. నగదు రూపంలో జీతాలిచ్చిన కాలంలో జీతాల రోజున బాయి దగ్గరే అందరూ దొరికేవారు కాబట్టి యూనియన్ సభ్యత్వ రుసుము, వినాయక మండపం చందా, చనిపోయిన తోటి కార్మికుడి కుటుంబానికి ఇచ్చే సాయం వంటివన్నీ అక్కడే వసూలయ్యేవి. ఈ పద్ధతిలో స్వచ్ఛందం ఎంత, మొహమాటం ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. పదిమంది చూస్తుండగా చేయి వెనక్కి తీసుకోగలవారు తక్కువ. జీతాలు బ్యాంకు ఖాతాల్లోకి మారాక ఈ వసూలు రెండుగా చీలింది. యూనియన్ రుసుము కంపెనీయే జీతంలోంచి మినహాయించే పద్ధతిలోకి, విపత్తు సహాయం ఒక రోజు మూల వేతనం విరాళంగా ఇచ్చే పద్ధతిలోకి వెళ్లగా, పండుగ చందా మాత్రం బాయి వదిలి కాలనీ గుమ్మాల దగ్గరకు చేరింది.

ఇతర దేశాల గని పట్టణాలతో పోల్చితే ఒక తేడా కనిపిస్తుంది. దక్షిణ వేల్స్‌లో గని కార్మికులు తమ కూలీ నుంచి పైసా పైసా కూడబెట్టి ఇన్‌స్టిట్యూట్లు, గ్రంథాలయాలు కట్టుకున్నారు. 1920 చట్టంతో బ్రిటన్‌లో టన్ను బొగ్గుకు ఒక పెన్నీ చొప్పున సంక్షేమ నిధి కూడా ఏర్పడింది. భారతదేశంలో 1944 ఆర్డినెన్సు, 1947 చట్టం బొగ్గు మీద సుంకంతో కార్మిక సంక్షేమ నిధిని నెలకొల్పాయి. అయితే గోదావరిఖని పుట్టేనాటికే సంక్షేమం అన్నది కార్మికుడు కట్టుకునేదిగా కాక పైనుంచి అందేదిగా స్థిరపడింది. ఆటస్థలం, కమ్యూనిటీ హాలు, స్టేడియం అన్నీ కంపెనీవే. సభ జరగాలంటే హాలు కావాలి, హాలు కావాలంటే అనుమతి కావాలి. యూనియన్లు బాయి ముఖద్వారం దగ్గర నిలబడి మాట్లాడే ‘గేట్ మీటింగు’ను తమ ముఖ్య సభారూపంగా మలుచుకోవడానికి ఇదీ ఒక కారణమే.

కంపెనీ నిర్వహించే కార్యక్రమాల్లో వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పోటీలు, వార్షిక రక్షణ పక్షోత్సవాలు, ప్రథమ చికిత్స పోటీలు ప్రధానమైనవి. రక్షణ పక్షోత్సవం అంటే ప్రమాదాల నివారణ కోసం రెండు వారాలపాటు తనిఖీలు, నాటికలు, పాటలు, ప్రదర్శనలతో జరిపే కార్యక్రమం. పైకి ఉద్యోగ విధిలా కనిపించినా ఇందులో పాల్గొనే కళాకారులు చాలామంది కార్మికులే. షిఫ్టు దిగి వేషం కట్టినవారే తర్వాత బస్తీ వేదికల మీద కనిపించారు.

వీటన్నింటికంటే లోతుగా చూడవలసింది రెస్క్యూ బృందాల విషయం. గనిలో నిప్పు, విషవాయువు, నీటి ప్రమాదం ఏర్పడినప్పుడు ప్రాణవాయువు పరికరం తగిలించుకుని లోపలికి వెళ్లేవారిని రెస్క్యూ శిక్షితులంటారు. వీరిలో ఎక్కువమంది రోజూ తమ మామూలు పని చేసుకుంటూ, రామగుండం వంటి రెస్క్యూ స్టేషన్లలో నియమిత కాలాల్లో శిక్షణకు హాజరయ్యే కార్మికులు, సూపర్‌వైజర్లే. కొంత భత్యం ఉన్నా, ముందుకు వచ్చేవారి ఇష్టం లేకుండా ఆ పని సాగదు. 2003 జూన్ 16న జీడీకే (గోదావరిఖని)-7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరులో జీడీకే-8ఏ గనిలో పైకప్పు కూలి పదిమంది చనిపోయారు. ఒకే ఏడాదిలో ఇరుగుపొరుగు బాయిల్లో జరిగిన ఈ రెండు ప్రమాదాల తర్వాత గోదావరిఖనిలో ‘స్వచ్ఛంద సేవ’ అన్న మాటకు అర్థం వేరే పట్టణాల్లో ఉండేదానికంటే బరువుగా మారిందనడం అతిశయోక్తి కాదు.

1981 నాటి సమ్మె ఈ చరిత్రలో ఒక మలుపు. ముందస్తు నోటీసు లేకుండా సమ్మె చేస్తే ఒక్క రోజుకు ఎనిమిది రోజుల వేతనం కోసే నిబంధనకు వ్యతిరేకంగా సాగిన ఆ పోరాటం దాదాపు రెండు నెలలు నడిచింది. దాని తర్వాతే సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే సికాస, రూపుదిద్దుకుంది. నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌తో అనుబంధం ఉన్న ఈ సంఘం వేతనాల దగ్గర ఆగక సారా, వడ్డీ వ్యాపారం, ఇంటి గొడవలు వంటి బస్తీ విషయాల్లోకి వచ్చింది. ఒక వైపు ఆ పంచాయితీల్లో న్యాయం త్వరగా దొరికిందని భావించినవారున్నారు. మరో వైపు వాటి వెనుక ఆయుధం ఉన్నదన్న సంగతీ, దానికి ప్రతిగా వచ్చిన నిర్బంధంలో మామూలు సభ పెట్టుకోవడం కూడా అనుమానాస్పదమైన సంగతీ విస్మరించలేనివి. రాజకీయం అంటని కార్యక్రమాలకు, అంటే భజన బృందానికి, క్రికెట్ జట్టుకు, వినాయక మండపానికి, ఆ కాలంలో ఆదరణ పెరిగిందంటే ఆశ్చర్యపడనక్కర లేదు.

1990లలో కంపెనీ రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్లింది. నష్టాల నుంచి బయటపడే క్రమంలో యాజమాన్యం కార్మికులతోనే కాక వారి కుటుంబాలతోనూ నేరుగా మాట్లాడే పద్ధతులను వెతికింది. వివిధ శాఖల ఉద్యోగులు జట్టుగా గనులకు వచ్చి కంపెనీ పరిస్థితి వివరించే ‘మల్టీ డిపార్ట్‌మెంటల్ టీం’ సమావేశాలు ఈ ధోరణికి చెందినవే. కాలనీ స్త్రీలకు కుట్టుపని వంటి వృత్తుల్లో, యువకులకు పోలీసు, సైనిక ఉద్యోగాల ఎంపికల కోసం శిక్షణనిచ్చే సింగరేణి సేవా సమితి ఇదే మార్గంలో సాగింది. ఏరియా జనరల్ మేనేజరు భార్య ఆ ఏరియా సేవా సమితి అధ్యక్షురాలిగా వ్యవహరించడం ఇక్కడి ఆనవాయితీ. ఆఫీసులోని హోదాల వరుస సేవలోనూ యథాతథంగా కొనసాగిందని దీనివల్ల తెలుస్తుంది. అయినా ఆ శిక్షణతో ఇంట్లో మిషను పెట్టుకున్న కార్మికుల భార్యలకు ఈ విమర్శతో పెద్ద పని లేదు.

బస్తీ తన సొంత శక్తిని నిండుగా చూపేది పండుగల్లో. ములుగు అడవుల్లోని మేడారంలో రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క–సారలమ్మ జాతరను బొగ్గు ప్రాంతానికి వలస వచ్చినవారు తమ ఊళ్లలోనూ నెలకొల్పుకున్నారు. గోదావరిఖనిలో అది నది ఒడ్డున జరుగుతుంది. గద్దెలు సిద్ధం చేయడం, బెల్లం (భక్తుల మాటల్లో ‘బంగారం’) మొక్కుల వరుసలు సర్దడం, తప్పిపోయిన పిల్లల్ని అప్పగించడం కమిటీలూ వాలంటీర్లూ చూసుకుంటే, దీపాలు, నీళ్లు, దారుల వంటి ఏర్పాట్లకు సింగరేణి, నగరపాలక సంస్థ తోడ్పడతాయి. అటవీ దేవతల పండుగకు బొగ్గు కంపెనీ జనరేటర్లు వెలుగునివ్వడంలోని వింతను స్థానికులెవరూ వింతగా చూడరు. బతుకమ్మకైతే ఇంత యంత్రాంగం అక్కర లేదు. కాలనీ మైదానంలో గడ్డి చెక్కించి, లైటు కట్టిస్తే చాలు, తొమ్మిది రోజులూ ఆడవాళ్లే నడుపుకుంటారు. క్వార్టర్లవాళ్లూ గుడిసెలవాళ్లూ ఒకే వలయంలో తిరిగే సందర్భం సంవత్సరంలో ఇంకొకటి దొరకడం అరుదు.

పండుగకూ ఉద్యమానికీ మధ్య గీత తెలంగాణ ఉద్యమంలో చెరిగిపోయింది. బతుకమ్మ నిరసన రూపమైంది. పాటా మాటా కలిసిన ‘ధూంధాం’ సభలు వీధి కూడళ్లలో జరిగాయి. రోడ్డు మీదే పొయ్యి పెట్టి అందరూ కలిసి తినే ‘వంటావార్పు’ 2011లో పోరాట పద్ధతిగా వ్యాపించింది. అదే ఏడాది సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా బాయి దిగలేదు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుందన్న ఎరుక రాష్ట్రం మొత్తానికి అప్పుడు కలిగింది. కుల సంఘాలు, విద్యార్థులు, వ్యాపారులు, యూనియన్లు ఒకే సంయుక్త కార్యాచరణ కమిటీ (జేఏసీ) గొడుగు కిందికి వచ్చిన ఆ అనుభవం తర్వాతి పౌర కార్యక్రమాలకు నాయకులను కూడా తయారుచేసి ఇచ్చింది.

అయితే ఈ జీవితానికంతటికీ కేంద్రమైన బాయి క్రమంగా చిన్నదైంది. 1990ల ఆరంభంలో లక్ష దాటి ఉన్న కంపెనీ ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు దాదాపు 40 వేలకు దిగింది. భూగర్భ గనుల స్థానంలో పైమట్టిని పూర్తిగా తొలగించి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టులు పెరిగాయి. వందలమంది ఒకేచోట మస్టరు వేసుకునే దృశ్యం పలచబడగా, దుమ్ము, పేలుళ్ల అదురు, నిర్వాసితుల గోడు కొత్త సామూహిక సమస్యలయ్యాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం జరపవలసిన ప్రజాభిప్రాయ సేకరణ సభలు ఇక్కడ బస్తీల సంఘటిత శక్తికి పరీక్షలుగా మారాయి. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రతి వార్డులోనూ యువకులు, స్త్రీలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు అనే నాలుగు కమిటీలను, ఒక్కొక్క దానిలో 15 మంది సభ్యులను నిర్దేశించి, బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించింది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి పేరిట పది రోజుల పరిశుభ్రతా కార్యక్రమం మొదలైంది. బాయి స్థానంలో వార్డు వచ్చిందన్నమాట. చట్టం రాసిన కమిటీకీ, షిఫ్టు కలిపిన జట్టుకూ మధ్య ఉన్న దూరం మాత్రం కాగితం మీద కనిపించేది కాదు.

ఉద్యోగ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసిన కార్మికులు చాలామంది ఈ ఊళ్లోనే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. కాలనీ సంక్షేమ సంఘాల్లో, రక్తదాన శిబిరాల్లో తీరికా అనుభవమూ ఉన్న వీరి పాత్ర గణనీయం. ఈ ప్రాంతం నుంచి పనిచేసే సదాశయ ఫౌండేషన్ నేత్ర, అవయవ, శరీర దానాలను ఒక ఉద్యమంగా నడిపింది. మనిషి పోయిన కొద్ది గంటల్లోనే కళ్లు సేకరించాలి కాబట్టి ఈ పనికి శిబిరం పెట్టడం చాలదు. ఏడుపుల మధ్య ఆ ఇంటి పెద్దతో మాట్లాడగల, ఆ కుటుంబానికి పరిచయమున్న మనిషి పక్క వీధిలోనే ఉండాలి. శరీరదానానికి కర్మకాండ మీది నమ్మకాలు కూడా అడ్డువస్తాయి. బాయి నేర్పిన పరిచయాలే ఈ మాటకు దారి ఇచ్చాయని భావించడానికి అవకాశముంది. 2022లో సింగరేణి నిధుల తోడ్పాటుతో రామగుండంలో వైద్య కళాశాల మొదలైంది. అనాటమీ తరగతిలో విద్యార్థులు నేర్చుకోవడానికి కావలసిన దేహాల కోసం ఇప్పుడు దూరపు ఊళ్ల వైపే చూడనక్కర లేకుండా, చుట్టుపక్కల కాలనీలను కూడా అడగవచ్చు.