ఇంగ్లీషు ఛానలు: ఈతగాండ్ర సాధన చరిత్ర

ఇంగ్లండునకు, ఫ్రాన్సునకు నడుమ గల సముద్రభాగమునకు ఇంగ్లీషు ఛానలు అని పేరు. అందు మిక్కిలి ఇరుకైన చోటు డోవరు జలసంధి. డోవరు తీరమునుండి ఫ్రాన్సులోని గ్రీ నే అగ్రము వరకు సూటిగా కొలిచినచో దూరము సుమారు 33 కిలోమీటర్లు. కదలని నీటిలో ఇంత దూరమును గజ ఈతగాడు ఒక పగటిలో ఈదగలడు. అయినను 1875లో ఒకడు ఛానలును ఈదిన పిమ్మట, రెండవ మనుష్యుడు దానిని దాటుటకు 36 సంవత్సరములు పట్టెను. నడుమ ప్రయత్నించి ఓడినవారు పలువురు. వారికి ధైర్యము కొరవడలేదు, కండబలమును కొరవడలేదు. ఛానలులో ఈతగానిని ఓడించునవి మూడు: చలి, ఆటుపోట్లు, ఒంటిలోని శక్తి తరిగిపోవుట. ఈ మూడింటిని మానవుడు ఎట్లు తెలిసికొనెనో తెలుపునదే ఛానలు ఈత సాధన చరిత్ర.

మాథ్యూ వెబ్

మాథ్యూ వెబ్ 1848లో ఇంగ్లండులోని ష్రాప్‌షైరులో జన్మించెను. ఓడలలో పనిచేసి కెప్టెను అయ్యెను. జాన్సను అను ఈతగాడు ఛానలును ఈదబోయి విఫలుడైన వార్త చదివి, ఆ పని తాను చేయవలెనని సంకల్పించి ఉద్యోగము మానుకొనెను. మొదట లండనులోని లాంబెత్ ఈతకొలనులో సాధన చేసెను. తరువాత థేమ్సు నదిలోను, ఛానలులోను చన్నీటికి ఒంటిని అలవరచుకొనెను. 1875 జూలైలో థేమ్సునందు బ్లాక్‌వాల్ నుండి గ్రేవ్జెండు వరకు, ప్రవాహము వెంబడి, సుమారు 20 మైళ్ళు 5 గంటల లోపుగా ఈదెను.

ఆగస్టు 12న చేసిన మొదటి యత్నము గాలివలన, అలలవలన చెడెను. 24న వెబ్ ఒంటికి పార్పసు అను సముద్రజంతువు నూనె పూసికొని మరల డోవరునుండి బయలుదేరెను. వెంట వచ్చిన పడవలనుండి అతనికి కాఫీ, మాంసరసము, బ్రాందీ అందించిరి. దారిలో జెల్లిచేపలు కుట్టెను. ఫ్రెంచి తీరము దాపునకు వచ్చిన పిమ్మట, ఎదురు ప్రవాహము అతనిని సుమారు 5 గంటలపాటు ఒడ్డు చేరనీయలేదు. తుదకు 25న, 21 గంటల 45 నిమిషములకు, అతడు కాలే వద్ద కాలు మోపెను. అతడు సాగిన వంకరదారి సుమారు 39 మైళ్ళు, అనగా 63 కిలోమీటర్లు. ఇది సూటి దూరమునకు దాదాపు రెట్టింపు.

వెబ్ చేసిన పనులలో కొన్నిటిని తరువాతి విజ్ఞానము సమర్థించెను, కొన్నిటిని త్రోసివేసెను. చన్నీటిలో సాధన చేయుట సరియైన పద్ధతియే. నూనె పూత మాత్రము చర్మము ఒరసికొనకుండ కాపాడునే గాని, ఒంటి వేడిని నిలుపజాలదు. బ్రాందీ వలన చర్మములోని రక్తనాళములు విప్పారి వేడి ఎక్కువగా బయటికి పోవును. త్రాగినవానికి వెచ్చగా తోచును; నిజమునకు ఒళ్ళు చల్లబడుచుండును.

ఆటుపోట్ల లెక్క

డోవరు జలసంధిలో ప్రవాహము సుమారు 6 గంటలకొకమారు దిక్కు మార్చుకొనును. ఈతగాడు ఎదుటి ఒడ్డువైపే ఈదుచున్నను, పోటు అతనిని ఒక ప్రక్కకు, ఆటు రెండవ ప్రక్కకు కొట్టుకొనిపోవును. అందుచే అతని దారి పాము నడకవలె ఉండును. పౌర్ణమి, అమావాస్యల ప్రాంతమున సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసి ప్రవాహము బలమగును. అష్టమి ప్రాంతమున అది మందగించును. కావున ఈతగాండ్రు సాధారణముగా ఈ రెండవ కాలమునే ఎన్నుకొందురు.

ఈ లెక్క తప్పినచో ఎంత బలమున్నను వ్యర్థమే. జాబెజ్ వుల్ఫ్ అను ఈతగాడు ఇరువదికి పైగా ప్రయత్నములు చేసియు ఛానలును దాటజాలకపోయెను. పలుమార్లు ఓడిన థామస్ బర్జెస్ మాత్రము 1911 సెప్టెంబరులో 22 గంటల 35 నిమిషములలో దానిని ఈది, వెబ్ తరువాతివాడుగా నిలిచెను. తరువాతి ఘట్టములో ఈ ఇరువురును గురువులైరి.

ఈత తీరు మారుట

వెబ్ ఈదినది కప్పవలె చేతులు చాపి ముడుచు బ్రెస్టుస్ట్రోకు. 20వ శతాబ్దారంభమున ‘క్రాల్’ అను తీరు వ్యాపించెను. ఇందు చేతులను ఒకదాని తరువాత ఒకటి నీటి పైనుండి ముందుకు వేయుదురు; ఇది మన బారఈతకు దగ్గర. ముందుకు చాచు చేయి నీటిని ఎదుర్కొనదు గనుక వేగము హెచ్చును.

1924 పారిస్ ఒలింపిక్సులో పతకములు గెలిచిన అమెరికా యువతి గెర్‌ట్రూడ్ ఎడర్లీ ఈ తీరుతో ఛానలులో దిగెను. 1925లో వుల్ఫ్ ఆమెకు శిక్షకుడు. ఆమె అలసినదని తలచి అతడు నీటినుండి తీయించెను. తాను విశ్రమించుచుంటినే గాని ఓడలేదని ఆమె వాదించెను. మరుసటి ఏడు బర్జెస్ శిక్షణలో, 1926 ఆగస్టు 6న, ఆమె 14 గంటల 34 నిమిషములలో ఛానలు దాటెను. అంతకు పూర్వము దాటిన ఐదుగురును పురుషులే. వారిలో మేటి కాలము 16 గంటల 33 నిమిషములు. స్త్రీలకు ఇది అలవికాని పనియన్న నమ్మకము ఆనాటితో వీడెను.

శరీరశాస్త్రము చెప్పినది

నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా వేడిని లాగుకొనును. వేసవిలో సైతము ఛానలు నీటి ఉష్ణోగ్రత 15 నుండి 18 సెంటిగ్రేడు డిగ్రీలు మాత్రమే. ఒంటి లోపలి వేడి 37 నుండి 35 డిగ్రీలకు దిగువగా జారినచో చేతులు పట్టు తప్పును, మనస్సు మందగించును. ఆ స్థితిలో ఈతగాడు తన అపాయమును తానే గుర్తింపలేడు.

1953 ఎవరెస్టు యాత్రలో పాల్గొన్న శరీరశాస్త్రవేత్త గ్రిఫిత్ ప్యూ, ఎడోమ్ అను మరియొక శాస్త్రవేత్తతో కలిసి ఛానలు ఈతగాండ్రను పరీక్షించి 1955లో ఫలితములు ప్రకటించెను. చర్మము క్రింద మందమైన క్రొవ్వుపొర గలవారు చన్నీటిలో చాలసేపు ఒంటివేడి నిలుపుకొనిరి. బక్కపలుచనివారు త్వరగా చల్లబడిరి. ఎడతెగక ఈదునపుడు కండరములలో పుట్టు వేడియు తోడ్పడును. అలసి వేగము తగ్గినచో ఆ వేడియు తగ్గును. కావుననే ఈదుచుండగా కొద్దికొద్దిగా పిండిపదార్థములు గల పానీయమును ఇచ్చుచుండవలెను. ఇంత తెలిసియు అపాయము తీరలేదు. ఛానలును జయించిన గ్రీకు సైనికోద్యోగి జేసన్ జిర్గానోస్, ఇంకను చల్లనైన ఐరిష్ సముద్రపు ఉత్తర ఛానలును ఈదబోయి 1959లో మరణించెను.

మనవారి యత్నములు

1958లో మిహిర్ సేన్ ఛానలును ఈది మొదటి భారతీయుడయ్యెను. మరుసటి ఏడు కలకత్తాకు చెందిన ఆరతీ సాహా ఆ పనికి పూనుకొనెను. ఆమె కలకత్తా చెరువులో గంటల తరబడి ఈది ఓర్పు సంపాదించెను. కాని అచటి నీరు వెచ్చనిది. ఛానలు చలిని అలవరచుకొనుటకు ఇంగ్లండు వెళ్ళి, ఆ నీటిలోనే తుది సాధన చేసెను. ఆగస్టు 27న పడవ ఆలస్యముగా వచ్చుటచే అనుకూల సమయము తప్పెను. ఒడ్డు కొద్ది మైళ్ళుండగా ఎదురు ప్రవాహము ఆమెను ఆపివేసెను. ఒక మాసము వేచి, సెప్టెంబరు 29న ఆమె 16 గంటల 20 నిమిషములలో ఛానలు దాటెను. ఛానలును ఈదిన మొదటి ఆసియా మహిళ ఆమెయే. ఆగస్టునకు, సెప్టెంబరునకు నడుమ ఆమె బలములో ఏమంత భేదముండును? సముద్రము దారి ఇచ్చిన వేళ మాత్రము వేరు.

నేడు ఛానలును ఈదగోరువారు ముందుగా 16 డిగ్రీలు మించని నీటిలో 6 గంటలు ఈది చూపవలెను. వెంట పడవయు, పరిశీలకుడును ఉండవలెను. ఈ నియమముల వెనుక పలువురి ఓటములును, కొందరి ప్రాణములును కలవు.

వెబ్ కథ ముగిసిన తీరును ఇచట చెప్పదగును. 1875లో సముద్రము అనుకూలింపనపుడు నీటినుండి వెలికి వచ్చి, 12 దినములు వేచిన అతడే, 1883 జూలై 24న నయాగరా జలపాతము దిగువనున్న సుడిగుండములలో దూకి ప్రాణము కోలుపోయెను. ఛానలును అతడు నెలల తరబడి సాధనతో ఎదుర్కొనెను. నయాగరా సుడులకు సాధన లేదు. ఏ నీటిని ఈదవచ్చునో, దేనిని ఈదరాదో తెలియుటయు ఈతలో భాగమే.