గని ముందు, మనిషి తరువాత: బ్రిటన్‌లో నష్టపరిహార న్యాయం నడిచిన దారి

ఒకరి తప్పు వల్ల మరొకరికి నష్టం కలిగినప్పుడు, తప్పు చేసినవారికి శిక్ష పడుతుందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, నష్టపోయినవారికి డబ్బు రూపంలో పరిహారం ఇప్పించే సివిల్ న్యాయశాఖను టార్టు చట్టం అంటారు. భారతదేశంలో ఈ శాఖకు సమగ్రమైన శాసనం ఏదీ లేదు. బ్రిటిష్ పాలనలో ఏర్పడిన కోర్టులు ఇంగ్లండ్ తీర్పులనే ఆధారంగా తీసుకున్నాయి, స్వాతంత్ర్యం తరువాత కూడా వాటి మీదనే కొత్త సూత్రాలు కట్టుకుంటూ వచ్చాయి. గోదావరిఖని పాఠకులకు ఈ చరిత్ర దూరపు సంగతి కాదు, ఎందుకంటే బ్రిటన్‌లో ఆ చట్టానికి రూపం ఇచ్చిన తీర్పుల్లో ముఖ్యమైనవి కొన్ని బొగ్గు బాయిల తగాదాల్లోంచే పుట్టాయి. ఆ తీర్పులను తేదీల వరుసలో చదివితే ఒక చేదు నిజం కనిపిస్తుంది: బ్రిటన్ న్యాయం గనిని ముందు కాపాడింది, గనిలో దిగిన మనిషిని చాలా ఆలస్యంగా గుర్తించింది.

లాంకషైర్ ప్రాంతంలోని ఐన్స్‌వర్త్‌లో జాన్ రైలాండ్స్ అనే బట్టల మిల్లు యజమాని తన మిల్లు కోసం ఒక నీటి చెరువు తవ్వించాడు. పని అప్పగించిన కాంట్రాక్టర్లకు ఆ నేలలో పూర్వం వదిలేసిన గని దారులు బయటపడినా, వాటిని గట్టిగా మూయకుండానే పని ముగించారు. 1860 డిసెంబరులో చెరువులోకి వదిలిన నీరు ఆ పాత దారుల గుండా దిగి, పక్కనే ఫ్లెచర్ నడుపుతున్న బొగ్గు గనిని ముంచేసింది. రైలాండ్స్‌కు ఆ దారుల సంగతి తెలియదు, ఆయన వైపు నిర్లక్ష్యమూ లేదు. అయినప్పటికీ 1866లో న్యాయమూర్తి బ్లాక్‌బర్న్, 1868లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయనదే బాధ్యత అని తేల్చాయి. తన అవసరం కోసం ప్రమాదకరమైన వస్తువును తన నేల మీదికి తెచ్చి నిలవ ఉంచుకున్నవాడు, అది హద్దు దాటి బయటికి పోతే, తప్పు రుజువు కాకపోయినా జరిగిన నష్టానికి జవాబు చెప్పుకోవాలన్నది ఆ తీర్పు సారం. నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కర్లేని ఈ సూత్రాన్నే కఠిన బాధ్యత అంటారు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిన సంగతి ఎరిగిన ప్రాంతంలో ఈ తీర్పు చదివినవారికి సహజంగానే ఒక ప్రశ్న వస్తుంది. ఫ్లెచర్ కోల్పోయింది ఆస్తి మాత్రమే, ఆ వరదలో ఎవరూ గాయపడలేదు; మరి ఆ నీటిలో కార్మికులు మునిగి ఉంటే వారి భార్యాబిడ్డలకు అప్పటి చట్టం ఏమి ఇచ్చి ఉండేది?

సొంత యజమాని నుంచి దాదాపు ఏమీ ఇప్పించేది కాదు. 1837లో ప్రీస్ట్‌లీ అనే, ఒక మాంసం వ్యాపారి దగ్గరి పనివాడు, ఎక్కువ బరువు ఎత్తిన బండి విరగడంతో తొడ ఎముక విరిగి, యజమాని మీద దావా వేస్తే కోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పులోంచి ‘ఉమ్మడి ఉద్యోగ’ సిద్ధాంతం పెరిగింది: తోటి కార్మికుడి తప్పు వల్ల దెబ్బ తగిలితే, ఆ ప్రమాదాన్ని కూలితో పాటే ఒప్పుకున్నట్టు లెక్క గనుక, యజమానికి బాధ్యత ఉండదు. 1858లో స్కాట్లండ్‌లోని బార్టన్‌షిల్ బొగ్గు కంపెనీలో, ఇంజను నడిపే వ్యక్తి సమయానికి ఆపకపోవడం వల్ల పైకి వస్తున్న కేజీ బోల్తాపడి కార్మికులు మరణించినప్పుడు, హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇదే సిద్ధాంతాన్ని ప్రయోగించి ఆ కుటుంబాల దావాను కొట్టేసింది. ఆ తీర్పు చెప్పినవారిలో ఒకరైన లార్డ్ క్రాన్‌వర్త్, పదేళ్ల తరువాత ఫ్లెచర్ గనికి పరిహారం ఇప్పించిన తీర్పులోనూ ఉన్నారు. ఒకే కోర్టు, ఒకే న్యాయమూర్తి. మునిగిన గనికి నష్టం కట్టివ్వాలి, చనిపోయిన గని కార్మికుడికి అక్కర్లేదు. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవకుండా బ్రిటన్ న్యాయ చరిత్రను మెచ్చుకోవడం తగదు.

మార్పు కోర్టుల కంటే ముందు పార్లమెంటు ద్వారా వచ్చింది, అది కూడా కార్మిక సంఘాల ఒత్తిడి మీద. 1880 చట్టం ఉమ్మడి ఉద్యోగ సిద్ధాంతానికి కొన్ని మినహాయింపులు ఇచ్చింది. 1897 చట్టం గనులతో సహా ప్రమాదకరమైన పనుల్లో, యజమాని తప్పుతో నిమిత్తం లేని పరిహారాన్ని తెచ్చింది. భారతదేశపు 1923 కార్మిక నష్టపరిహార చట్టం దీని అడుగుజాడల్లో నడిచినదే. టార్టు చట్టంలో అసలు మలుపు 1937లో వచ్చింది. షిఫ్టు ముగించుకుని బాయిలోంచి బయటికి నడుస్తున్న ఇంగ్లిష్ అనే స్కాట్లండ్ కార్మికుణ్ణి, అదే సమయంలో నడిపిన హాలేజీ నలిపేసింది. సాంకేతిక బాధ్యతంతా అర్హత గల మేనేజరుకు అప్పగించామని విల్సన్స్ అండ్ క్లైడ్ బొగ్గు కంపెనీ వాదించగా, సమర్థులైన సిబ్బంది, సరైన సామగ్రి, సురక్షితమైన పని పద్ధతి ఈ మూడూ యజమాని స్వయంగా మోయవలసిన బాధ్యతలనీ, పని అప్పగించవచ్చు గానీ బాధ్యతను అప్పగించడం కుదరదనీ హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఉమ్మడి ఉద్యోగ సిద్ధాంతాన్ని బ్రిటన్ 1948లో గానీ పూర్తిగా రద్దు చేయలేదు. భారతదేశం దాన్ని అడ్డుకునే చట్టాన్ని 1938లోనే చేసింది.

1947 జనవరి 1న బ్రిటన్ గనులు ప్రభుత్వపరమై జాతీయ బొగ్గు బోర్డు చేతికి వచ్చాయి. ప్రభుత్వమే యజమాని అయితే కార్మికుడికీ చుట్టుపక్కల ఊళ్లకూ న్యాయం దానంతటదే దొరుకుతుందన్న ఆశ 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో కూలిపోయింది. నీటి ఊటల మీద పోసిన గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడి 144 మంది చనిపోయారు, వారిలో 116 మంది పిల్లలు. తప్పు బోర్డుదేనని విచారణ ట్రిబ్యునల్ స్పష్టంగా చెప్పింది. అయినా ఒక్కో బిడ్డ ప్రాణానికి బోర్డు చెల్లించింది 500 పౌండ్లు; ఊరి మీద మిగిలిన గుట్టలను తొలగించే ఖర్చులో 1,50,000 పౌండ్లను ప్రజలు ఇచ్చిన విరాళాల నిధి నుంచే తీసుకున్నారు. ఆ మొత్తాన్ని 1997లో, వడ్డీ లేకుండా, తిరిగి ఇచ్చారు. ఓబీ (గని పైమట్టి) గుట్టల నీడలో బతికే ఊళ్లవారు తెలుసుకోవలసిన చరిత్ర ఇది.

దుమ్ము వల్ల ఊపిరితిత్తులు చెడిన కార్మికులకు న్యాయం మరింత ఆలస్యమైంది. దుమ్మును అదుపు చేసే మార్గాలు తెలిసి కూడా యాజమాన్యం తగినంతగా అమలు చేయలేదని ఇంగ్లండ్ హైకోర్టు తేల్చింది 1998లో, గనులు చాలా వరకు మూతపడ్డాక. ఊపిరితిత్తుల జబ్బుకూ, డ్రిల్లింగ్ అదురుకు చేతులు దెబ్బతిన్నందుకూ కలిపి ఏడు లక్షలకు పైగా అర్జీలు వచ్చాయి. పరిహారం అందకముందే చనిపోయినవారు ఎందరో. దక్కినవారి సొమ్ములో వాటా కోసుకున్న కొందరు న్యాయవాదులను తరువాత వృత్తి నుంచి తొలగించారు.

కఠిన బాధ్యత సూత్రం ఈ లోగా బ్రిటన్‌లో కుంచించుకుపోయింది. ఆయుధ కర్మాగారం లోపలే పేలుడులో గాయపడిన తనిఖీ అధికారిణికి, ప్రమాదం హద్దు దాటలేదు గనుక ఆ సూత్రం వర్తించదని 1946లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. అది భూమి హక్కులను కాపాడే సూత్రమే తప్ప దాని కింద ప్రాణనష్టానికీ శరీర గాయాలకూ దావా లేదని 2003 నవంబరులో, అంటే 7 ఎల్ఈపీ దుర్ఘటన జరిగిన ఏడాదే, మళ్లీ చెప్పింది. భారత సుప్రీంకోర్టు ఎదురుదారి పట్టింది. 1985 డిసెంబరులో ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైన కేసులో, జస్టిస్ భగవతి నేతృత్వంలోని ధర్మాసనం 1986లో సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని ప్రకటించింది: ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవారు, దైవికమనీ మూడోవ్యక్తి చేశాడనీ సాకులు చెప్పే వీలు లేకుండా, లోపల పనిచేసేవారికీ చుట్టుపక్కల నివసించేవారికీ జవాబుదారులు, పరిహారం ఆ సంస్థ స్తోమతను బట్టి ఉండాలి. 2020 మేలో విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ లీకైనప్పుడు జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ కోవలోనే 50 కోట్ల రూపాయలు ముందుగా జమ చేయించింది. ఐన్స్‌వర్త్ చెరువు నుంచి మొదలైన సూత్రం మనిషి దాకా చేరింది భారతదేశంలోనే.

అయితే సూత్రం ఉన్నంత మాత్రాన సొమ్ము ఇంటికి రాదు. బ్రిటన్ గని కార్మికులు 1998లో గెలిచింది సంఘాల అండతో, దశాబ్దాల నాటి దుమ్ము కొలతలూ వైద్య పత్రాలూ కోర్టు ముందు పెట్టగలగడం వల్ల. గోదావరిఖనిలోని కుటుంబాలూ సంఘాలూ మస్టర్ పత్రాలు, ఎక్స్‌రేలు, ప్రమాద నివేదికల నకళ్లు పోగొట్టుకోకుండా దాచుకోవాలి; వారసుడికి ఉద్యోగం దొరికిందని నష్టపరిహారం సంగతి అడగకుండా వదిలేయకూడదు.