నైస్ అనే మాట, మన నేల కింది బండ



సాదలి చుట్టుపక్కల బోరు వేస్తే మొదట మట్టి, తరువాత గరుసు, ఆ తరువాత గట్టి రాయి తగులుతుంది. ఆ రాయిని మనం బండ అంటాం, కన్నడంలో బండె అంటారు. గుడిబండ అనే ఊరు చిక్కబళ్ళాపుర జిల్లాలో ఒకటి ఉంది, సరిహద్దు దాటితే మడకశిర వైపు మరొకటి ఉంది. రెండు వైపులా నేల కింద ఉన్న ఈ రాతికి భూగర్భ శాస్త్రంలో నైస్ అని పేరు. ఆ మాట ఎలా రాస్తారో, ఎక్కడిదో, అది మన నీళ్ళ గురించి ఏం చెబుతుందో ఈ పూట తెలుసుకుందాం.

ముందుగా వర్ణక్రమం. ఇంగ్లీషులో దీనిని జి, ఎన్, ఇ, ఐ, ఎస్, ఎస్ అని రాస్తారు. మొదటి జి పలకదు. కత్తికి వాడే నైఫ్ అనే మాటలో మొదటి కె పలకదు కదా, ఇదీ అంతే. జర్మన్ భాషలో మాత్రం జి పలుకుతారు, గ్నైస్ అంటారు. ఇప్పుడు వారు చివర ఒక్క ఎస్ మాత్రమే రాస్తున్నారు. తెలుగులో నైస్ అనీ నీస్ అనీ రెండు విధాలా రాయడం ఉంది. ఉచ్చారణకు దగ్గరైనది నైస్. పిల్లలు ఇంగ్లీషులో రాసేటప్పుడు వినబడని ఆ జి అక్షరాన్ని మరచిపోకూడదు.

ఈ మాట పుట్టినిల్లు జర్మనీలోని సాక్సనీ ప్రాంతం. అక్కడ ఫ్రైబెర్గ్ చుట్టూ కొన్ని వందల ఏళ్ళు వెండి గనులు నడిచాయి. వెండి దొరికే పట్టీలకు చుట్టూ ఉన్న రాతిని గని పనివారు ఈ పేరుతో పిలిచేవారు. 1765లో ఫ్రైబెర్గ్‌లో గనుల విద్యాలయం వెలసింది. 1775 నుంచి అక్కడ పాఠాలు చెప్పిన అబ్రహాం వెర్నర్ దగ్గరకు అనేక దేశాల విద్యార్థులు వచ్చేవారు. గని పనివారి మాటలు అలా శాస్త్ర గ్రంథాలకు ఎక్కాయి. పాత జర్మన్‌లో నిప్పురవ్వ అనే అర్థం గల మాటే దీనికి మూలమని పలువురు పండితుల అభిప్రాయం. రాయి పగలగొడితే లోపల మినుకుమినుకుమనే మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపులో ఎక్కువ పాలు అభ్రకానిది. దానిని మనవాళ్ళు కాకిబంగారం అన్నారు. చూసిన మెరుపు ఒకటే, అక్కడివారికి నిప్పురవ్వ, మనకు బంగారం.

ఇక అర్థం. గ్రానైట్‌లో గింజలు ఎటుపడితే అటు చెదిరి ఉంటాయి. గింజ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే దానికి ఆ పేరు వచ్చింది. నైస్‌లో అలా కాదు. పలుగురాయి వంటి తెల్లని ఖనిజాలు ఒక చారగా, అభ్రకం వంటి నల్లని ఖనిజాలు ఒక చారగా సర్దుకుని ఉంటాయి. పాత రాయి భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి గురై రూపం మారడం వల్ల ఈ చారలు ఏర్పడతాయి. మైసూరు భూగర్భ శాఖకు చెందిన డబ్ల్యు. ఎఫ్. స్మీత్ 1916లో దక్షిణాదిలో విస్తరించిన ఈ రాతికి పెనిన్సులర్ నైస్, అంటే ద్వీపకల్ప నైస్ అని పేరు పెట్టారు. దీని వయసు 250 కోట్ల నుంచి 340 కోట్ల సంవత్సరాలు. బెంగళూరు లాల్‌బాగ్‌లో గోపురం ఉన్న పెద్ద బండ కూడా ఇదే. దానిని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు.

ఈ చరిత్రతో రైతుకేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఇసుకరాయిలో గింజల నడుమ నీరు నిలిచే సందులు ఉంటాయి. నైస్‌లో అవి దాదాపు ఉండవు. ఇందులో నీరు నిలిచేది రెండే చోట్ల. ఒకటి, పైన శిథిలమై గరుసుగా మారిన పొర. రెండు, దాని కింది పగుళ్ళు. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గుతాయి, ఇరుకవుతాయి. అందుకే ఒకరి పొలంలో నీళ్ళు పడతాయి, పక్క పొలంలో ఒట్టి రాతిపొడి లేస్తుంది. ఇంకొంచెం దించితే గంగ అందుతుందనే ఆశతో అప్పు మీద అప్పు చేసిన కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఈ బండ కింద నదులు లేవు, పైనుంచి ఇంకిన వాననీరే ఉంది.

మరొక సంగతి. రాతి పగుళ్ళలో చాలాకాలం నిలిచిన నీటిలోకి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ దిగుతుంది. బాగేపల్లి ప్రాంతంలో ఈ బాధ తెలిసిందే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మంచిది, వేరే నీరు లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు. కనుక బోరు నీటిని పరీక్ష చేయించి తాగాలి.

మన పెద్దలకు నైస్ అనే మాట తెలియదు, కానీ ఈ రాతి గుణం తెలుసు. జీవనది లేని ఈ సీమలో వాగు వాగుకూ కట్ట వేసి చెరువులు నిలిపారు. చెరువు నిండితే గరుసు పొర తడిసి కింది బావుల్లో నీరు ఊరేది. చెరువులో పూడిక తీయడం, కాలువను ఆక్రమించకుండా చూడడం ఆ గరుసు పొరను నింపే పనులే. ఎంత లోతుకు తవ్వాలి అని అడిగే ముందు ఎంత నీరు ఇంకించాం అని అడగడం మేలు.