ట్రాప్ కెమెరా

ట్రాప్ అంటే ఉచ్చు. తొలినాళ్లలో ఈ కెమెరాది ఉచ్చు పద్ధతే: దారికడ్డంగా కట్టిన తీగ జంతువు కాలికి తగలగానే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేది. అమెరికా ఫొటోగ్రాఫర్ జార్జ్ షైరాస్ తీసిన రాత్రి ఫొటోలు 1906లో ‘నేషనల్ జియోగ్రాఫిక్’లో వచ్చాయి. 1920లలో మన శివాలిక్ అడవుల్లో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ పులులనూ అలాగే తీశాడు. ఇప్పుడు తీగ లేదు. కదిలే ఒంటి వేడిని సెన్సర్ పసిగడుతుంది.

శ్రీకాకుళం జిల్లా బారువ చుట్టుపక్కల జీడితోటల్లో తిరిగే ఎలుగుకు ఈ కెమెరా బాగా పనికొస్తుంది. చీకట్లో నల్లటి ఒళ్లు కలిసిపోయినా, ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో మూతి, ఛాతీమీది తెల్లమచ్చ తేటగా పడతాయి. 2022 జూన్‌లో ఇదే జిల్లాలోని కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడ్డాక, ఎలుగులు ఏ వేళ ఏ దారిన వస్తాయో తెలియడం ఇక్కడి రైతుకు ప్రాణావసరం. నన్నడిగితే దీన్ని ‘మాటు కెమెరా’ అనాలి. ఉచ్చు ప్రాణం తీస్తుంది. ఇది మాటు వేసి చూస్తుందంతే.