విధవయు వెధవయు

భర్తను కోల్పోయిన స్త్రీకి మన భాషలో విధవ, వితంతువు, పూర్వసువాసిని, ముండ అను పేర్లు పెక్కు గలవు గాని, వానిలో దేనిని రచయిత యెన్నుకొనెనో చూచినంతనే, ఆతడు జాలితో పలుకుచున్నాడో, మర్యాదకై పలుకుచున్నాడో, రోతతో పలుకుచున్నాడో తేటపడును.

విధవాశబ్దమును 'ధవుడు లేనిది' యని మన పండితులు విడదీయుదురు. భాషాశాస్త్రజ్ఞుల మాట వేఱు: లాటినులోని 'విదువా'కు తోబుట్టువైన యీ శబ్దమే ముందు పుట్టినది, అందలి 'వి'ని ఉపసర్గముగా భ్రమించి తొలగింపగా మిగిలిన 'ధవ'కు భర్త యను నర్థము పిమ్మట గలిగినది. విధవ పుట్టిన పిదప ధవుడు పుట్టుట వింతయే!

ఈ మాటయే తెలుగునోట 'వెధవ'యై, లింగభేదమును మఱచి, మగవానిని తిట్టు తిట్టయ్యెను. ఒక స్త్రీ దుర్దశ ఆ తిట్టునకు మూలమని తిట్టువానికి తోపదు, మనుమని ముద్దుచేయుచు 'వెధవాయ' యను తాతకు అసలే తోపదు. 'ముండ' మఱింత కఠోరము: క్షౌరము చేయించి బోడిచేసిన తలను మనిషికే పేరుగా తగిలించిన మాట యది. 1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున జరిపించిన పెండ్లిని వితంతువివాహ మనువాడు సంస్కారమును చూచును, ముండపెండ్లి యనువాడు మైలను చూచును.

1897లో అచ్చయి 1909లో పెంచి వ్రాయబడిన గురజాడవారి 'కన్యాశుల్కము' నాటకమున గిరీశ మను పాత్ర ఈ తెలుగుమాటలను దాటి, 'విడో' యను ఇంగ్లీషుమాటను పట్టుకొనును. అందు మైలయు లేదు, దుఃఖమును లేదు. ఎదుట నున్న వితంతువు బుచ్చమ్మ ఆ మాటతో ఉపన్యాసమునకు తగిన విషయమైపోవును. గురజాడవారు ఆతనిని గూర్చి వేఱుగా వ్యాఖ్యానింపక, ఆ మాట నాతని నోట నుంచి యూరకుండిరి.