శుక్రుడి మీద సముద్రం

తెల్లవారుజామున తూర్పున మెరిసే వేగుచుక్క ఒకప్పుడు కథల్లో నీళ్లతో నిండిన లోకం. 20వ శతాబ్దం సగం దాటేదాకా సైన్స్ ఫిక్షన్ రచయితలు శుక్రగ్రహం మీద ఓడలు నడిపారు, కడలి అడుగున పట్నాలు కట్టారు, భారీ జలచరాలను వేటాడారు. అవి ఉత్త గాలిమేడలు కావు. పునాది వేసింది శాస్త్రవేత్తలే.

శుక్రుణ్ని ఎప్పుడూ దట్టమైన మబ్బులు కమ్ముకుని ఉంటాయి. నాటి టెలిస్కోపులకు నేల కనిపించేది కాదు. మబ్బులున్నాయంటే నీళ్లుండాలి కదా! స్వీడన్ రసాయన శాస్త్రవేత్త, నోబెల్ గ్రహీత స్వాంటే అర్హీనియస్ ఆ లెక్కనే శుక్రుడు తడిసి ముద్దయిన చిత్తడి లోకమని రాశాడు. 1932లో మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో ఖగోళ శాస్త్రవేత్తలు ఆడమ్స్, డన్‌హామ్ శుక్రుడి వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ దండిగా ఉందని కనిపెట్టారు. 1955లో ఖగోళ శాస్త్రవేత్తలు డొనాల్డ్ మెంజెల్, ఫ్రెడ్ విపుల్ ఆ వాయువునే సముద్రానికి సాక్ష్యంగా నిలబెట్టారు. తడి తగిలిన రాళ్లు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని కార్బనేట్లుగా మారతాయి. అయినా అంత వాయువు గాల్లో మిగిలిపోయిందంటే రాళ్లు దానికి అందకుండా ఉండాలి; అంటే గ్రహమంతా నీళ్ల కింద ఉండాలి. వాళ్ల వాదన అది. ఎంత చక్కని తర్కం!

ఈ శాస్త్రం పక్కనే కథలూ పెరిగాయి. 1943లో సి.ఎస్. లూయిస్ ‘పెరెలాండ్రా’ నవలలో శుక్రుడి సముద్రం మీద తేలే దీవులను సృష్టించాడు. అల లేస్తే దీవి లేస్తుంది, అల దిగితే దీవీ దిగుతుంది. దాని మీద మనిషి నిలబడటం నేర్చుకోవాలి. 1954లో ఐజాక్ అసిమోవ్, పాల్ ఫ్రెంచ్ అన్న కలం పేరుతో పిల్లల కోసం శుక్రుడి సముద్రాల నవల రాశాడు. అందులో సముద్రం అడుగున గుమ్మటం కింద ‘ఆఫ్రొడైటీ’ అనే నగరం ఉంటుంది. మనుషుల మనసుల్లోకి చొరబడగల కప్పలుంటాయి. వాటికి గ్రీజంటే ప్రాణం.

ఈ సముద్రాన్ని ఇంకించేసింది కొలతలే. 1956లో అమెరికా నౌకాదళ పరిశోధనశాల రేడియో టెలిస్కోపుకు శుక్రుడి నుంచి అంతులేని వేడి తెలిసింది. 1962 డిసెంబరు 14న అంతరిక్ష నౌక మారినర్-2 దగ్గరగా వెళ్లి, ఆ వేడి నేలదేనని తేల్చింది. అయినా సోవియట్ ఇంజినీర్లు ఆశ వదులుకోలేదు. 1967లో శుక్రుడి వాతావరణంలోకి దిగిన వెనెరా-4కు చక్కెరతో చేసిన తాళం బిగించారు. నౌక నీళ్లలో పడితే చక్కెర కరిగి, యాంటెనా తెరుచుకోవాలి. ఆ తాళానికి పని పడలేదు. 1970లో వెనెరా-7 నేల మీద వాలి, అక్కడ 475 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి ఉందని తెలిపింది. సీసం కూడా కరిగిపోయే వేడి అది.

సంగతి తెలిశాక కూడా రోజర్ జెలాజ్నీ 1965లో శుక్రుడి సముద్రంలో మహా జలచరాన్ని వేటాడే కథ రాశాడు. దానికి నెబ్యులా అవార్డు వచ్చింది. అసిమోవ్ మాత్రం 1970లలో తన నవలను మళ్లీ అచ్చు వేసినప్పుడు, కొత్తగా తెలిసిన సంగతులను ముందుమాటలో పాఠకులకు వివరించాడు.

అంతటితో సముద్రం కథ ముగియలేదు. 1978లో పయనీర్ వీనస్ నౌక సేకరించిన కొలతల్లో, హైడ్రోజన్‌లో బరువైన రకమైన డ్యుటీరియం పాలు భూమి మీది కంటే వంద రెట్లకు పైగా ఉన్నట్టు బయటపడింది. తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోగా బరువైనది మిగిలిందనడానికి ఇది గుర్తు. అంటే శుక్రుడి దగ్గర ఒకప్పుడు నీరు చాలానే ఉండేది. అది సముద్రంగా నిలిచిందా, ఆవిరిగానే ఎగిరిపోయిందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. నాసా 2021లో ఎంపిక చేసిన డావించీ నౌక శుక్రుడి మబ్బుల్లోంచి దిగుతూ ఆ డ్యుటీరియాన్ని మరింత కచ్చితంగా కొలవాల్సి ఉంది.