బండి చప్పుడు

పోయిన ఆదివారం మా అబ్బాయి వాకిట్లో గోనెపట్టా పరిచి, స్పానర్లన్నీ పేర్చుకు కూర్చున్నాడు. వాడి సెకండ్‌హాండ్ బుల్లెట్‌కి కొత్త సైలెన్సరు బిగిస్తాడట! పాతదానికేం రోగమొచ్చిందిరా అంటే "గొంతు బాగోలేదమ్మా" అన్నాడు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు, చెప్పొద్దూ. ఇంజను చల్లారేదాకా ఆగి, తుప్పు పట్టిన బోల్టుల మీద కాస్త నూనె పోసి నాననిచ్చాడు. వంపు గొట్టం దగ్గర క్లాంపు వదులు చేసి, వెనకనున్న బోల్టు విప్పి పాతదాన్ని ఊడదీశాడు. కొత్తదాన్ని ఎక్కించి, ముందు అన్నీ వేళ్ళతోనే బిగించి, గొట్టం సరిగ్గా కూర్చుందని చూసుకున్నాకే స్పానరు పట్టాడు. జాకెట్టుకి మనం ముందు కచ్చాకుట్టు వేసుకుని, తర్వాత మిషను మీద పెట్టమూ, అలాగన్నమాట.

తర్వాత కిక్కు కొట్టాడు. అంతే! జామచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. పక్కింటి చంటిపిల్ల గుక్కపట్టింది. మావాడి మొహం మాత్రం వెలిగిపోయింది.

ఇంతకీ ఈ సైలెన్సరు ఎవరికి తోచిందా అని పుస్తకాలు తిరగేశాను. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రీవ్స్ అనే అన్నదమ్ములు దీనికి పేటెంటు తీసుకున్నారట. అప్పటికింకా వీధుల నిండా గుర్రబ్బళ్ళే. మోటారు చప్పుడుకి గుర్రం బెదిరితే బండిలో ఉన్నవాళ్ళ గతేమిటి? ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అని పేరుమోసిన పందేల మైదానం ఉండేది. ఆ మోత భరించలేక చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు 1920లలో కోర్టుకెక్కారు. దాంతో పందెం బళ్ళు కూడా సైలెన్సరు తగిలించుకోక తప్పలేదు!

దాని లోపలి కిటుకు చిన్నదే. పెట్రోలు మండినప్పుడల్లా వేడిగాలి ఒక్క విసురున బయటికి తన్నుకొస్తుంది. ఆ విసురే చప్పుడు. సైలెన్సరులోని అడ్డుగోడలూ, చిల్లుల గొట్టాలూ, చిన్న చిన్న గదులూ తిరిగేసరికి గాలి నెమ్మదిస్తుంది. కోపంతో గుమ్మం దాటబోయే మనిషిని నాలుగు గదులు తిప్పి, కాసిని మంచినీళ్ళిచ్చి పంపినట్టు. మన ప్రభుత్వం కూడా 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో ప్రతి బండికీ ఇది ఉండి తీరాలని రాసింది. 2020 నుంచి వచ్చే కొత్త బళ్ళకైతే పొగలోని విషాన్ని తగ్గించే సరంజామా కూడా ఆ గొట్టంలోనే అమర్చి ఉంటుంది. అది పీకేస్తే చప్పుడొక్కటే కాదు, విషమూ పెరుగుతుంది.

మా నాన్నకి జావా బండి ఉండేది. 1961 నుంచి మైసూరులో తయారైన బండి అది. 1973లో దాని పేరు యెజ్డీగా మారింది. 1996లో ఆ ఫ్యాక్టరీయే మూతబడింది. ఒక్క సిలిండరుకి రెండు సైలెన్సర్లు, అటొకటీ ఇటొకటీ. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే బండి కాబట్టి లోపల మసి పేరుకునేది. రెండు మూడు నెలలకోసారి నాన్న లోపలి గొట్టాలు బయటికి లాగి, మంటలో కాల్చి, మసి దులిపి మళ్ళీ బిగించేవారు. అది కూడా ఆదివారంనాడే, వాకిట్లోనే.

మేం పాల్వంచలో ఉండేవాళ్ళం, నాన్న ఉద్యోగం భద్రాచలంలో. మధ్యలో అడవి దారి. 1965లో గోదావరి మీద వంతెన వచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, అంతకుముందు పడవలే గతి. రోజూ చీకటి పడ్డాక వీధి మొదట్లో జావా చప్పుడు వినపడగానే అమ్మ పొయ్యి మీద చారు పెట్టేది.

1986 ఆగస్టులో గోదావరి పొంగింది. యాభైమూడు అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీళ్ళు 75.6 అడుగులకెక్కాయి. ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులై వరద కూడా 71.3 దగ్గరే ఆగింది. నాకప్పుడు ఏడేళ్ళు. దారులు తెగిపోయాయి, నాన్న కబురు లేదు. నాలుగు రాత్రులు అమ్మ గడపలో కూర్చుంది. వీధిలో ఏ బండి వెళ్ళినా తల ఎత్తి విని, "ఇది కాదు" అని మళ్ళీ దించుకునేది. ఐదోరోజు రాత్రి నేను నిద్రలో ఉండగా "లేవే, నాన్న వస్తున్నారు" అని కుదిపింది. నాకేమీ వినపడలేదు. కాసేపటికి నిజంగానే బండి వచ్చింది, ఒళ్ళంతా బురదతో నాన్న వచ్చారు.

ఆ అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మనవడి బండి చప్పుడు విన్నాకే కన్ను మూస్తుంది. కొత్త సైలెన్సరు పెట్టిన రాత్రి వాడు పదకొండింటికి ఇల్లు చేరాడు. అమ్మ ఉలిక్కిపడి లేచి, గుండె పట్టుకుని "ఎవరో వచ్చారే, చూడు" అంది.

"నేనే అమ్మమ్మా" అన్నాడు వాడు.

"నువ్వా? నీ బండి ఏదిరా?" అంది అమాయకంగా.

వాడు మాట్లాడకుండా లోపలికెళ్ళిపోయాడు. తెల్లవారాక నా దగ్గరకొచ్చి "పాత సైలెన్సరు ఎక్కడ పెట్టావమ్మా?" అనడిగాడు.

పాత చీరలో చుట్టి అటక మీద భద్రంగా పెట్టాను. అడుగుతాడని నాకు తెలుసు.